బ్రష్షు బాబాయ్ వేసిన గులాబీ తల్లి

“గోడంటే మరీ పెద్ద గోడేం కాదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. ఇదిగో, ఈ బల్ల దగ్గర్నుంచి ఆ కరెంటు స్తంభం దాకా ఉంటుంది, అంతే. దాని మీద నేనొక బొమ్మ వేశాను. చిన్న విషయం. మీరు ఇంతగా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను గానీ...”

మేమెవరం అడగలేదు. అయినా గ్లాసులు పట్టుకుని బల్ల మీద సర్దుకు కూర్చున్నాం. బ్రష్షు బాబాయ్ ‘చిన్న విషయం’ అన్నాడంటే ఇంకో అరగంట వరకు ఎవరూ లేవరు.

ఆసుపత్రి గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ టీ కొట్టు. నడిపేది కొట్టు మావయ్య. పక్కన జిరాక్సు షాపు నాది. మధ్యాహ్నం ఓపీ మూసేశాక నాకూ బేరాల్లేవు, ఆటో అన్నకీ బేరాల్లేవు. ఇక బాబాయ్ సంగతా, ముప్పై ఏళ్ళు ఈ చుట్టుపక్కల దుకాణాలన్నిటికీ బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక చేతికి పని తగ్గింది. ఆ తగ్గిన పనంతా నోరు తీసుకుంది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నుంచి అది మూడోసారి రావడం.

“కాన్పుల వార్డు బయట గోడ బోసిగా ఉందని సూపరింటెండెంటు గారు నన్ను పిలిపించారు. ఒక పాత క్యాలెండరు చేతిలో పెట్టి ‘ఈ బొమ్మ వెయ్యవయ్యా’ అన్నారు. చూద్దును కదా, ఐదొందల ఏళ్ళ నాటి బొమ్మట. సముద్రాల అవతల ఎవరో మహానుభావుడు వేశాడు. ఒక తల్లి, ఒళ్ళో బిడ్డ, వెనకాల కిటికీ, కిటికీలోంచి కొండలు. అంతా మట్టిరంగు, బూడిదరంగు, పొయ్యి పక్కన వేలాడదీసినట్టు. ఆ తల్లి మొహం చూస్తే నాకు జాలేసింది. ఐదొందల ఏళ్ళ నుంచీ ఆ పొగలోనే కూర్చుంది పాపం. ‘అమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు, నేనొచ్చాను’ అన్నాను.”

“క్యాలెండరుతోనా?” అన్నాడు ఆటో అన్న.

“క్యాలెండరుతోనే. ఆవిడేం జవాబిచ్చిందో తర్వాత చెప్తాను, ముందు పని చూడు. నాకొచ్చింది ఒకటే విద్య. సబ్బుల బోర్డు, గొడుగుల బోర్డు, సోడా బోర్డు. నల్లగీత బొద్దుగా గియ్యాలి, మధ్యలో రంగు దట్టంగా కొట్టాలి, నీడ ఉన్నచోట చుక్కలు పెట్టాలి. రోడ్డవతల బస్సులో నిద్రపోయేవాడు కూడా లేచి చూడాలి. ఆ తల్లికీ అదే వరస పెట్టాను. మొహానికి గులాబీ. జుట్టుకి నీలం. పెదాలకి టమాటా ఎరుపు. కొండలకి పసుపు, ఆకాశానికి చిలకాకుపచ్చ. బుగ్గల మీద చుక్కలు. చిల్లుల గరిటె గోడకి ఆనించి పైనుంచి స్పాంజితో అద్దితే చుక్కలు వరసగా పడతాయి. మా ఇంట్లో గరిటెకి ఇప్పటికీ ఆ గులాబీ వదల్లేదు, మీ పిన్ని నన్ను ఇప్పటికీ వదల్లేదు.”

“ఎన్ని చుక్కలేంటి?” అన్నాడు కొట్టు మావయ్య, పాలు కలియబెడుతూ.

“లక్షా పాతికవేలు.”

“ఎన్నాళ్ళు పట్టింది?”

“నాళ్ళా! ఒక్క పూట. కుడిచేత్తో ఒక గరిటె, ఎడమచేత్తో ఒక గరిటె. కిందివరస కాళ్ళతో పెట్టాను. అప్పుడే ఒక ఆర్టు కాలేజీ మేడమ్, చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని అటు పోతూ, బొమ్మ చూసి కొయ్యబారిపోయింది. ‘ఏవండీ, ఇది పాప్ ఆర్టు కదా!’ అంది. నాకు పాపం తెలుసు, పుణ్యం తెలుసమ్మా, ఈ పాప్ ఏంటో తెలీదన్నాను. ‘బజార్లో రోజూ కనబడే బోర్డులు, అట్టపెట్టెల మీద బొమ్మలు, అలాంటి రంగుల్లో గొప్ప గొప్ప బొమ్మల్ని వెయ్యడమండీ. మీరు ఆ తల్లిని బజారుకి తీసుకొచ్చారు’ అంది. నాకు కోపమొచ్చింది. ‘బజారుకీడ్చడమేంటమ్మా, మర్యాదగా ఆసుపత్రికే తీసుకొచ్చాను’ అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ చప్పట్లు కొట్టింది.”

“చెయ్యి విరిగిందన్నావు కదా?” అన్నాను నేను.

“అదే కదా చెప్తున్నది! చప్పట్లు కొట్టేసరికి విరిగిన ఎముక టక్కున అతుక్కుంది. కట్టు విప్పి నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయింది.”

ఆటో అన్నకి టీ పొలమారింది. బాబాయ్ అతని వీపు మీద రెండు తట్లు తట్టి, ఆగకుండా అందుకున్నాడు.

“ఇంక ఆ గులాబీ వెలుగు గురించి నేను చెప్పకూడదు, నా నోటితో నేను చెప్పుకుంటే బావుండదు. వార్డులో ట్యూబులైట్లు పీకేశారు. నర్సమ్మలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సూదులు వేసేవారు. కరెంటు పోతే ఆపరేషను గది తలుపు కాస్త ఓరగా తీసేవారు, అంతే, పని నడిచిపోయేది. సరే, అదలా ఉంచు. అసలు గొప్పంతా ఒళ్ళో బిడ్డది. నారింజ రంగు, బొద్దుగా, ఎడమ బుగ్గన చొట్ట. వార్డులో పుట్టిన పసిపిల్లలు ఏడుపు ఎత్తుకోబోయి, ఆ బిడ్డని చూసి ఠక్కున ఆపేసేవారు. డాక్టర్లకి చెమటలు పట్టాయి. పుట్టగానే ఏడవాలి కదా మరి? అందుకని కాన్పు ముందు బొమ్మకి దుప్పటి కప్పేవారు, పిల్లాడు ఏడ్చాక తీసేవారు. ఒకడైతే ఇంకా నెల రోజులుండగానే పుట్టేశాడు.”

“ఏం, ఏమైంది?”

“ఏమీ కాలేదు. బొమ్మ చూద్దామని తొందరపడ్డాడు.”

కొట్టు మావయ్య గరిటె పక్కన పెట్టేసి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. బాబాయ్‌కి కావలసింది అదే. చొక్కా చేతులు పైకి మడిచాడు.

“ఇలా ఉండగా ఆ దేశం మ్యూజియంలో గొడవ మొదలైంది. అసలు బొమ్మ అక్కడే కదా ఉంది. నిన్నటిదాకా చిరునవ్వుతో ఉన్న తల్లి, పొద్దున తలుపులు తీసి చూస్తే మూతి ముడుచుకుని ఉంది. భూతద్దాలు పెట్టి చూశారు. కళ్ళు పక్కకి తిరిగి ఉన్నాయి. ఎటు తిరిగాయో కొలతలు వేసుకుంటూ వస్తే, ఎక్కడ తేలారు? ఇదిగో, ఈ గేటు ముందు. కోట్లు వేసుకుని ఏడుగురు దిగారు. గోడ చూసిన మొదటివాడు పడిపోయాడు. రెండోవాడు వాణ్ణి పట్టుకోబోయి గోడ చూసి వాడూ పడ్డాడు. ఏడుగురినీ వరసగా మంచాలెక్కించాల్సి వచ్చింది. లేచాక ఒకటే మాట, ‘ఈ గోడ మాకిచ్చెయ్యండి, మా తల్లి అలిగింది’ అని. సూపరింటెండెంటు గారు ససేమిరా అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పు చెప్పు.”

“మూడు హెలికాప్టర్లు తెచ్చారు. గోడకి కొక్కేలు తగిలించి లాగారు. మా గోడ సామాన్యమైందా? గోడతో పాటు వార్డు లేచింది, వార్డుతో పాటు మెట్లు, మెట్లతో పాటు మందులషాపు. మొత్తం ఆసుపత్రి గాల్లోకి లేచింది! మంచాల మీద పేషెంట్లు కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు కింద నిలబడి ‘ఎప్పుడొస్తావ్’ అని అరుస్తున్నారు. నేనిక్కడే కూర్చుని టీ తాగుతున్నాను. తలెత్తి చూస్తే, ఒక డ్రిప్పు గొట్టం కిందికి వేలాడుతోంది. గ్లాసు కింద పెట్టాను. లేచాను. ఆ గొట్టం అందుకుని, గాలిపటాన్ని దింపినట్టు, నెమ్మదిగా, చుట్ట చుట్టుకుంటూ, ఆసుపత్రిని దింపాను. ఒక్క పేషెంటుకి సూది కూడా కదల్లేదు. ఆఖర్న మాత్రం ఓ జానెడు పక్కకి కూర్చుంది. అందుకే చూడండి, గేటు ఇప్పటికీ వంకరే.”

అందరం గేటు వైపు చూశాం. వంకరగానే ఉంది. పోయినేడు నీళ్ళ లారీ గుద్దింది.

“ఇంత జరుగుతుంటే నా కొట్టు ఎక్కడుంది బాబాయ్?” అన్నాడు కొట్టు మావయ్య. “నేను చూడలేదేం?”

“నీ పాలు పొంగుతున్నాయని అటు తిరిగావు.”

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినబడింది. “ఏం తమ్ముడూ, గాల్లోకి లేచిన ఆసుపత్రిలో నేనూ ఉన్నానా?”

ఆయమ్మ. ఆడవాళ్ళ సర్జరీ వార్డులో ముప్పై నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. అరవై ఏళ్ళుంటాయి, మందపాటి కళ్ళద్దాలు, గడ్డం మీద పుట్టుమచ్చ. చేతిలో సంచి, మెడలో తాళంచెవి. ఎప్పుడొచ్చి నిలబడిందో మేం చూసుకోలేదు. ఆ రోజుతో ఆవిడ డ్యూటీ ఆఖరని పొద్దున నర్సమ్మలు నా దగ్గర ఏవో కాగితాలు జిరాక్సు తీయిస్తూ చెప్పారు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. “ఉన్నావక్కా. రెండో అంతస్తులో,” అన్నాడు గానీ గొంతులో ఇందాకటి జోరు లేదు.

“ఒళ్ళో బిడ్డ నారింజ రంగన్నావు?”

“ఆ.”

“బుగ్గన చొట్ట?”

బాబాయ్ గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

“ఆ బొమ్మలో అసలు బిడ్డే లేడు కదా తమ్ముడూ,” అంది ఆయమ్మ.

ఆటో అన్న పకపకా నవ్వాడు. నవ్వి, బాబాయ్ మొహం చూసి, ఆపేశాడు.

“కాన్పుల వార్డూ కాదు, పాడూ కాదు,” అంది ఆవిడ, మావయ్య ఇచ్చిన టీ అందుకుంటూ. “వెనకాల దుప్పట్లు ఉతికే గది. ఏ పసిబిడ్డా అటు రాదు. వస్తే వాళ్ళ గుడ్డలొస్తాయి. ఆ గోడ మీద వేశాడు. తిరగేసిన బక్కెట్టు మీద నన్ను ఆరు మధ్యాహ్నాలు కూర్చోబెట్టాడు. మెడ తిప్పకంటాడు, మాట్లాడకంటాడు, తనేమో క్షణం నోరు మూయడు. చుక్కలు లక్షా పాతికవేలంట! మిషను తిరుగుతుంటే ఏం తోచక మేం ఒకరోజు లెక్కపెట్టాం. నాలుగు వందల పన్నెండు. అందులో సగం మా ఉతికేవాళ్ళు పెట్టినవే. ఈయన చేతులు వణుకుతుంటే తలో గరిటె పట్టుకున్నాం.”

“అయితే బొమ్మ ఉందన్నమాట!” అన్నాను.

“ఎందుకు లేదు? రండి, చూద్దురు. వార్డు బీరువా తాళం ఐదింటికి అప్పజెప్పాలి.”

మావయ్య పొయ్యి కట్టేశాడు. ఆసుపత్రి పక్క సందులోంచి, ఖాళీ సిలిండర్లు దాటుకుని వెళ్ళాం. బాబాయ్ అందరికంటే వెనక నడిచాడు.

గది లోపల వేడిగా, తడిగా ఉంది. పెద్ద మిషన్లు రెండు, ఒకటి తిరుగుతోంది, వాటి ముందు దుప్పట్ల గుట్టలు, ఉతికేవాళ్ళు ముగ్గురు, దుప్పట్ల మీద వార్డు నంబర్లు వేసే నల్లసిరా డబ్బా, బ్రష్షు. కిటికీ లేదు. ఎదురుగోడ మీద బొమ్మ.

ఏ బస్సులోనుంచో చూడాల్సిన బొమ్మ. పన్నెండడుగుల గదిలో నిలబడి చూస్తే, మీద పడుతున్నట్టే ఉంది. గులాబీ మొహం, కళ్ళద్దాలు, గడ్డం మీద పుట్టుమచ్చ. నీలం జుట్టు ముడి. వెనక పసుపు కొండలు, ఆకుపచ్చ ఆకాశం. బుగ్గల మీద చుక్కలు, కొన్ని చిన్నవి, కొన్ని చెదిరినవి, కొన్నిటి మీద వేలిముద్రలు. ఆయమ్మ ఒళ్ళో, ఆసుపత్రి చారల దుప్పటి చుట్టుకుని, బిడ్డ ఉండాల్సిన చోట ఒక పెద్దావిడ ఉంది. నెరిసిన జుట్టుకి ఊదా రంగు వేశాడు. కాళ్ళు ఒళ్ళో పట్టక బొమ్మ అంచు దాటి కిందికి వేలాడుతున్నాయి. నోరు తెరిచి ఉంది. ఆయమ్మ చేతిలో చెంచా.

“పిన్ని!” అన్నాను.

బాబాయ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“క్యాలెండరు నిజమేరా,” అన్నాడు. “సూపరింటెండెంటు గారు ఇచ్చిందీ నిజమే. అప్పటికి మీ పిన్నికి కడుపులో ఆపరేషనై నెల దాటింది. కుట్లు మానలేదు, జ్వరం దిగలేదు. ముద్ద దిగదు. నేను పెడితే నోరు తెరిచేది కాదు, మొహం గోడవైపు తిప్పేసుకునేది. ఈ అక్క తల ఒళ్ళో పెట్టుకుని, బతిమాలి, బెదిరించి, ఒక్కో చెంచా జావ పోసేది. డ్యూటీ దిగాక కూడా చీర మార్చుకుని మళ్ళీ వచ్చేది. నేనేం చేశానో తెలుసా?”

ఈసారి ‘చెప్పు’ అనలేదు ఎవరం.

“బయట బెంచీ మీద కూర్చుని అందరికీ కబుర్లు చెప్పాను. లోపలికెళ్ళే ధైర్యం చాలలేదు. కబుర్లు ఆపితే ఏడుపొచ్చేది. తను లేచి కూర్చున్నాకే బ్రష్షు పట్టుకున్నాను. ముందు కాగితం మీద గీశాను, తల్లిని గీశాను, ఒళ్ళో బిడ్డని గీద్దామంటే చెయ్యి వినలేదు. సూపరింటెండెంటు గారు చూసి, ‘గులాబీ మొహం సరేనయ్యా, కాన్పుల వార్డులో ఒళ్ళో యాభై ఏళ్ళ మనిషేంటి, బిడ్డని వెయ్యి’ అన్నారు. ఆయన మాటా న్యాయమే. కానీ ఆ ఒళ్ళో నాకు ఇంకెవరూ కనబడలేదు. వేరే గోడ ఏదైనా ఇప్పించండి అన్నాను. ఇది ఇచ్చారు.”

“మంచి గోడే ఇచ్చారు,” అంది ఆయమ్మ. “రోజుకి మూడొందల దుప్పట్లు ఉతుకుతారు వీళ్ళు. చూడ్డానికి ఈ గదిలో ఇంకేముంది?”

“అక్కా,” అన్నాడు బాబాయ్. “రెండేళ్ళైంది. నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇవాళ చెబుదామని పొద్దున్నుంచి మూడుసార్లు వచ్చాను. నోరు తెరిస్తే హెలికాప్టర్లు వస్తున్నాయి.”

ఆయమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

“డాక్టర్లున్నారు, మందులున్నాయి. నేనొక్కదాన్నే చేశానా ఏంటి?” అంది. తర్వాత గోడ వైపు తిరిగి, “రేపట్నుంచి నేనుండను. కొత్తగా చేరినవాళ్ళు ఎవరీ గులాబీ మనిషి అని అడిగితే ఏం చెప్తారో,” అంది.

“నేనొచ్చి చెప్తాను,” అన్నాడు బాబాయ్.

“నువ్వా! వద్దు నాయనా. నువ్వు చెప్తే నన్ను సముద్రం అవతలికి పంపించేస్తావు. చెప్పకు. రాయి. బోర్డులు రాసినన్నాళ్ళూ ఒక్క దుకాణం పేరు కూడా తప్పు రాయలేదంటారు కదా.”

బాబాయ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. నల్లసిరా డబ్బా అందుకున్నాడు. బ్రష్షు చివర వేళ్ళతో సాపు చేసి, గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. కూర్చునేసరికి మోకాలు పటుక్కుమంది. దుప్పట్ల మీద నంబర్లు వేసే మొండి బ్రష్షది. అయినా అక్షరాలు గుండ్రంగా, దుకాణం బోర్డులో లాగే పడ్డాయి. ఆటో అన్న డబ్బా పట్టుకున్నాడు. మిషను ఆగిపోయినా ఉతికేవాళ్ళెవరూ వెళ్ళి దాని తలుపు తియ్యలేదు.

‘ఈ అక్క నా భార్యకి 43 రోజులు జావ తాగించింది. నా భార్య ఇప్పుడు నడుస్తోంది.’

“ఇంతేనా?” అన్నాడు ఆటో అన్న.

“ఇంతే,” అన్నాడు బాబాయ్.

ఆయమ్మ ముందుకి వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి, తల అడ్డంగా ఊపింది.

“తప్పు రాశావు తమ్ముడూ. నలభై నాలుగు. ఇంటికి పంపించిన రోజు పొద్దున కూడా నేనే తాగించాను. నువ్వు ఆటో పిలవడానికి వెళ్ళావు.”

బాబాయ్ ఆవిడ వైపు చూశాడు. మాకు తెలిసినన్నేళ్ళలో ఆయన ఒక సంగతి ఉన్నదానికంటే తక్కువ చేసి చెప్పడం అదే మొదటిసారి. బ్రష్షు మళ్ళీ సిరాలో ముంచి, మూడుని నాలుగుగా దిద్దాడు.